మృగశిర రాకముందే మోడెమ్ సంగతి చూసుకోండి: వీశాట్ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలు ముదిరాక మన అనంతపురం వైపు సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఉన్నట్టుండి దుమ్ము లేస్తుంది, ఈదురుగాలి, నాలుగు ఉరుములు, కరెంటు పోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రైతులు పంట లోన్ల కోసం, శెనక్కాయ విత్తనాల డబ్బు కోసం బ్యాంకుల దగ్గర నిలబడి ఉంటారు. వీశాట్‌తో, అంటే మిద్దె మీది డిష్‌తో శాటిలైట్ ద్వారా నడిచే బ్రాంచ్‌లో లింక్ తెగిందంటే వాళ్లంతా ఉత్త చేతులతో ఊరికి పోవాల్సిందే. అందుకే మే నెలలోనే ఒక పూట దీనికి కేటాయించండి.

అన్నిటికంటే ముఖ్యం: బిగించేటప్పుడు కేబుళ్లు ముందు, కరెంటు చివర. విప్పేటప్పుడు కరెంటు ముందు తీయాలి, ఆ తర్వాతే కేబుళ్లు. మోడెమ్ నుంచి డిష్‌కు పోయే కేబుళ్లలో సిగ్నల్ ఒక్కటే పోదు, చాలా సెట్లలో డీసీ కరెంటు కూడా పోతుంది. డిష్ దగ్గర సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు, సిగ్నల్ పైకి పంపే బీయూసీకి సాధారణంగా 24, కొన్నిటికి 48. ఉరవకొండ దగ్గర ఒక ఊళ్లో మోడెమ్ ఆన్‌లో ఉండగానే టీఎక్స్ (సిగ్నల్ పంపే) కేబుల్ విప్పడం నేను కళ్లారా చూశాను. నడుమ తీగ కనెక్టర్ అంచుకు తగిలి చిట్‌మని చిన్న నిప్పురవ్వ లేచింది. మోడెమ్ లైట్లు మామూలుగానే ఉన్నాయి, ట్రాన్స్‌మిట్ మాత్రం లేదు. కొత్త బీయూసీ వచ్చేదాకా నాలుగు రోజులు పని ఆగింది.

కనెక్టర్ విప్పినప్పుడు లోపల బాగా చూడండి. పైన అల్లిన జాలీలోంచి వెంట్రుకంత తీగ ఒక్కటి నడుమ తీగకు తగిలినా షార్టే. పచ్చగా చిలుము పట్టి ఉంటే రుద్ది వాడొద్దు, కోసేసి కొత్త కనెక్టర్ వేయండి. బయట వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టి, గోడలోకి పోయే ముందు కేబుల్‌ను కిందికి కొంచెం వంచి వదలండి. వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది, నాలుగు బిందెల నీళ్లు పోయండి. మల్టీమీటర్‌తో చూస్తే ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య 230 చుట్టుపక్కల, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య 3 వోల్టుల లోపు ఉండాలి. అంతకు మించితే ఎర్తింగ్ సరిచేయించేదాకా మోడెమ్ ఆన్ చేయకండి.

ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి. పిడుగు హెచ్చరిక రాగానే మోడెమ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, రెండు కేబుళ్లూ విప్పేయండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం కేబుళ్ల జోలికి పోవద్దు, మిద్దె ఎక్కొద్దు. మోడెమ్ పోతే ఇంకోటి వస్తుంది. కరెంటు తిరిగొచ్చాక కూడా వోల్టేజ్ కాసేపు ఎగిరెగిరి పడుతుంది, పది నిమిషాలు ఆగి ఆన్ చేయండి. బూట్ అవుతుండగా టెన్షన్‌తో ఆఫ్, ఆన్ చేయకండి.

ఇక సెట్టింగులు. ఇప్పుడే, లింక్ బాగున్నప్పుడే, కాన్ఫిగరేషన్ ఫైల్ లాప్‌టాప్‌లోకి దింపుకుని, ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. కొత్తగా ఎక్కించాల్సి వస్తే ఎక్కువగా తప్పేది ఫ్రీక్వెన్సీ దగ్గరే. కొన్ని మోడెమ్‌లు శాటిలైట్ ఫ్రీక్వెన్సీ అడుగుతాయి, కొన్ని ఎల్-బ్యాండ్, అంటే డిష్ నుంచి కేబుల్‌లో మోడెమ్‌కు దిగే తక్కువ ఫ్రీక్వెన్సీ, అడుగుతాయి. శాటిలైట్‌ది 11,700 మెగాహెర్ట్జ్, అందులోంచి ఎల్‌ఎన్‌బీ తీసేసే అంకె (దాన్నే ఎల్‌ఓ అంటారు) 10,600 అయితే ఎల్-బ్యాండ్‌లో వేయాల్సింది 1,100. ఆ ఎల్‌ఓ అంకె ఎల్‌ఎన్‌బీ స్టిక్కర్ మీదే ఉంటుంది, అది ఎండకు వెలిసిపోకముందే రాసిపెట్టుకోండి. సింబల్ రేట్‌లో (సిగ్నల్ వేగం) ఒక్క అంకె తేడా వచ్చినా లాక్ రాదు, అంటే మోడెమ్ సిగ్నల్‌ను పట్టుకోదు. మబ్బు పట్టిన సాయంత్రం ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మొదలుపెట్టొద్దు, మధ్యలో కరెంటు పోతే మోడెమ్ మళ్లీ లేవకపోవచ్చు.

గట్టి వానలో కేయూ బ్యాండ్ (ఈ డిష్‌లు వాడే ఫ్రీక్వెన్సీలు) సిగ్నల్ పడిపోవడం సహజం. వాన వెలిస్తే అదే వస్తుంది. ఆ కంగారులో ఫ్యాక్టరీ రీసెట్ నొక్కితే ఉన్న సెట్టింగులన్నీ పోతాయి.

గాలికి డిష్ కదిలిందో లేదో తెలియాలంటే బిగించిన నట్టు మీదుగా స్టాండు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగితే కదిలినట్టే. అప్పుడు లాక్ వచ్చినా సరే, హబ్ (ఈ లింకులన్నిటినీ నడిపే ప్రధాన కేంద్రం) వాళ్లకు ఫోన్ చేసి వాళ్లు సరేనన్నాకే ట్రాన్స్‌మిట్ ఆన్ చేయాలి. పక్కకు తిరిగిన డిష్ పంపే సిగ్నల్ వేరే శాటిలైట్ వాడేవాళ్ల లింకులను చెడగొడుతుంది. హబ్ నంబరు, మీ సైట్ ఐడీ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. కరెంటు లేని చీకట్లో కూడా కనబడాలి.