కూజా మొక్కని గుర్తుపట్టడం, 3వ పాఠం: కూజాలు కనపడకపోతే?

పోయినసారి, పురుగుల్ని పట్టి తినే ఈ కూజా మొక్కలో ఆకు మధ్య ఈనె సాగి తీగలా మారి దాని కొస ఉబ్బి కూజా అవుతుందని చూశాం కదా, అంటే కూజా ఆకులో భాగమే, పువ్వు కాదు, ఇది గుర్తుంటే ఈ పాఠం తేలిక.

ముందు కింది కూజా, పై కూజా తేడా పట్టుకోండి. చాలా జాతుల్లో నేల దగ్గరొచ్చే కూజాకి ముందువైపు నిలువుగా రెండు రెక్కలుంటాయి, తీగ కూడా ముందునుంచే వచ్చి అతుక్కుంటుంది. మొక్క పైకి పాకాక వచ్చేవి సన్నగా గరాటుల్లా ఉంటాయి, రెక్కలు గీతల్లా మిగుల్తాయి, తీగ వెనకనుంచి వస్తుంది. ఒకే మొక్కకి రెండు రకాలూ ఉంటాయి, అందుకే ఒక్క ఫోటో చూసి జాతి పేరు చెప్పేయకండి ప్లీజ్.

మరి అసలు కూజాలే లేకపోతే? 2012లో ఇండోనేషియాలోని ఉత్తర కాలిమంతాన్‌లో, మెంతరాంగ్ హులు దగ్గర కొండెక్కుతున్న చెక్, ఇండోనేషియా పరిశోధకులకి ఇదే ఎదురైంది. మొక్కలు చూస్తే కచ్చితంగా నెపెంథిస్ (ఈ కూజా మొక్కల శాస్త్రీయ పేరు), కానీ కూజాలు దాదాపు లేవు, ఒకటి మాత్రం వంకరపోయి మట్టిలోంచి పొడుచుకొచ్చి ఉంది. ఏదో పొరపాటున పూడిపోయిందిలే అనుకున్నారు, పైకి వెళ్లేకొద్దీ అన్నీ అలాగే. చివరికి ఫోటోలు తీస్తూ ఒక చెట్టు మొదట్లో నాచు పొర తీస్తే దాని కింద ముదురెరుపు కూజాల గుత్తి! పచ్చదనమే లేని చిన్న తెల్లాకులున్న కొమ్మకి కాశాయి అవి. నాకైతే ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

2022లో దానికి నెపెంథిస్ పుడికా అని పేరు పెట్టారు, లాటిన్‌లో సిగ్గరి అని. 11 సెంటీమీటర్ల దాకా పెరిగే ఆ కూజాలు భూమిలోని చీమల్ని, పురుగుల్ని పడతాయి, 1100 నుంచి 1300 మీటర్ల ఎత్తున్న ఆ గట్లు ఎండిపోయినా కింద తేమ నిలుస్తుంది కాబట్టి ఇలా దిగి ఉండొచ్చని వాళ్ల ఊహ. కొద్దిచోట్లే ఉంది కాబట్టి తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కించాలన్నారు.

హోంవర్క్: నర్సరీలో వేలాడదీసి అమ్మే హైబ్రిడ్ (రెండు జాతుల్ని కలిపి పెంచిన) కూజా మొక్క దగ్గర నిలబడి తీగ ఏ వైపు అతుక్కుందో, రెక్కలున్నాయో లేదో చూసి బొమ్మ గీయండి. మొదలు దగ్గర నాచుంటే కళ్లతో చూడండి చాలు, పీకొద్దు. అడవిలోంచి తెచ్చి అమ్మేవి మాత్రం ఎంత చవగ్గా దొరికినా కొనకండి. మన దేశంలో అడవిలో పెరిగే కూజా మొక్క ఒక్కటే, మేఘాలయ నెపెంథిస్ ఖాసియానా, దానికీ ముప్పు ఉంది. అక్కడి గారో తెగవాళ్లు దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దెయ్యం బుట్ట అని.

వచ్చే పాఠంలో కూజా మూత, నోటి అంచు.