1953 నాటి బేస్‌బాల్ బొమ్మల కార్డు అసలుదో కాదో గుర్తుపట్టడం ఎలా?

1950లలో అమెరికా పిల్లలకి బబుల్‌గమ్ ప్యాకెట్లలో బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు వచ్చేవి. వాటిలో నాకు ప్రాణమైనవి టాప్స్ కంపెనీ 1953లో వేసినవి. వాటి మీద ఉన్నవి ఫొటోలు కావు. ఫొటో ముందు పెట్టుకుని జెర్రీ డ్వోరాక్ లాంటి చిత్రకారులు రంగుల్లో గీసిన చిన్న చిన్న బొమ్మలు. అరచేతిలో పట్టే పెయింటింగ్ అన్నమాట.

ముందు ఎవరి కార్డు కావాలో తేల్చుకోండి. మిక్కీ మాంటిల్ (82వ నంబరు), విల్లీ మేస్ (244), జాకీ రాబిన్సన్ (1) లాంటివాళ్లకి గిరాకీ ఎక్కువ, కాబట్టి మోసపోయే అవకాశమూ అక్కడే ఎక్కువ. కొత్తవాళ్లు అంతగా పేరులేని ఆటగాడి కార్డు, మూలలు అరిగినదైనా సరే, ఒకటి కొనుక్కోవడం మేలు. బొమ్మ అందం తగ్గదు, పైగా అసలు కార్డు చేతికి ఎలా తగులుతుందో తెలుస్తుంది. 221 నుంచి పై నంబర్లు అరుదు, ధరా ఎక్కువే.

కార్డు చేతికి రాగానే స్కేలు తీయండి. అసలు కార్డు వెడల్పు 2⅝ అంగుళాలు, పొడవు 3¾. టాప్స్ 1991లో ఈ సెట్టుని మళ్లీ అచ్చు వేసింది. అవి ఇప్పటి కార్డుల సైజులో, 2½ × 3½ అంగుళాలు ఉంటాయి. ఒకసారి ఫొటో చూసి ఆశపడి కొన్నాను, ఇంటికొచ్చాక కొలిస్తే రీప్రింట్. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపమని అమ్మేవాళ్లని ముందే అడగడం అప్పుడే అలవాటైంది.

తర్వాత నంబరు చూడండి. నంబర్లు 280 దాకా వెళ్లినా వచ్చినవి 274 కార్డులే. 253, 261, 267, 268, 271, 275 నంబర్లతో ఆ ఏడాది కార్డులు రాలేదు. ఆ నంబరున్న కార్డు 1953దని ఎవరైనా అంటే నమ్మకండి. 220వ నంబరు సాచెల్ పేజ్‌ది. ఇంగ్లీషులో ‘సాచెల్’ చివర ఒక్క ఎల్ ఉండాలి, కార్డు మీద రెండు పడ్డాయి. ఆ తప్పు అసలు కార్డులోనే ఉంది, అది చూసి నకిలీ అనుకోవద్దు. నల్లజాతివాడైనందుకు ఏళ్ల తరబడి నల్లజాతి ఆటగాళ్లకి విడిగా ఉన్న నీగ్రో లీగుల్లోనే ఆడి, 42 ఏళ్ల వయసులో, 1948లో గానీ అమెరికా అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగుల్లో అడుగుపెట్టలేకపోయిన గొప్ప పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఆయన. ఈ సెట్టులో నేను మళ్లీ మళ్లీ తీసి చూసుకునే కార్డు అదే.

ఇక అసలు పరీక్ష భూతద్దంతో. పదిరెట్లు పెద్దగా చూపించేది చాలు. బొమ్మ మీద పెడితే రంగుల చుక్కలు కనిపిస్తాయి. అది మామూలే, అప్పటి అచ్చు కూడా అలాగే ఉండేది. ఇప్పుడు అద్దాన్ని వెనకవైపు నల్ల అక్షరాల మీదికి జరపండి. అసలు కార్డులో అక్షరం నిండుగా, ఒకే సిరాతో, అంచు తెగినట్టు ఉంటుంది. స్కాన్ చేసి తీసిన నకలులో అక్షరం అంచు కూడా చుక్కలుగా చెదిరిపోతుంది. తొందరపడకండి, నాలుగైదు అక్షరాలు చూడండి. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి కూడా వేసి చూడొచ్చు. కాగితం నీలంగా ధగధగ మెరిస్తే అది కొత్త కాగితమని అనుమానించాలి. అయితే ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు.

ముందువైపు కింద, పేరున్న ఎరుపు లేదా నలుపు పెట్టె కార్డు అంచు దాకా ఉంటుంది. అక్కడ రంగు పెచ్చులు లేవడం ఈ సెట్టుకి సహజం. పెచ్చులున్న చోట పెన్నుతో రంగు పూసి అమ్మేవాళ్లున్నారు, వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే తెలిసిపోతుంది.

దాచేటప్పుడు లామినేషన్ మాత్రం చేయించకండి. మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, దాన్ని గట్టి తొడుగులో దూర్చండి. ఇప్పటి కార్డుల తొడుగులు వీటికి ఇరుకు, మూలలు నలిగిపోతాయి. పాత సైజువి అడిగి తీసుకోండి. ఎండ తగలనివ్వకండి. విశాఖలాంటి చెమ్మ ఊళ్లకి తెచ్చుకుంటే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ మారుస్తూ ఉండండి.