యాక్షన్ గేమ్‌లో మంచిచెడ్డలు తేల్చడం ఎలా?

సంక్రాంతి సెలవులు ముగిసి చుట్టాలందరూ ఊళ్ళకు బయలుదేరాక, పాలకొల్లులో మా ఇంటి అలమరలో ఏటా పదో పన్నెండో గేమ్ డిస్కులు మిగులుతాయి. పండగ డబ్బులతో కొని, రెండు రోజులు ఆడి, విసుగెత్తి, "మీరు చూసి చెప్పండి బాబాయ్, ఉంచమంటే ఉంచుతాం, లేదంటే అమ్మేస్తాం" అంటూ పిల్లలు వదిలి వెళ్ళినవి అవి. ఏం నచ్చలేదని అడిగితే భీమవరం వాడూ రాజోలు వాడూ చెప్పే మాట ఒక్కటే: "ఆయ్, కొట్టినా తగలట్లేదండి." తగలకపోవడానికి కారణం ఆటా, టీవీయా, ఆడినవాడి చెయ్యా అని ఒక్క నిమిషం ఆలోచించినవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. ప్లేస్టేషన్ 2 అనే గేమ్ యంత్రం ఉన్న రోజుల నుంచి ఈ పంచాయతీ నా నెత్తినే ఉంది కాబట్టి, నేను అనుసరించే పద్ధతిని వరసగా రాసి పెడుతున్నాను.

కావలసినవి

మీ కన్సోలు (ఆట ఆడించే యంత్రం), వైరుతో కలిపిన కంట్రోలరు, స్లో మోషన్ వీడియో తీయగల ఫోను, రూళ్ళ నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే చాలు. వేసవిలో అయితే అరచేతి చెమట తుడుచుకోవడానికి పక్కన ఒక తువ్వాలు ఉంచుకోవాలి. వివరాలు ఫోనులోనే రాసుకుంటామనేవారితో నాకు పేచీ ఉంది. ఫోను చేతిలోకి వచ్చిన మరుక్షణం వాళ్ళు ఆట సంగతి మరిచిపోతారు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఆడాలి. మంచం మీద వాలి ఆడినవాడి తీర్పును నేను లెక్కలోకి తీసుకోను.

ఆట మొదలుపెట్టి కంట్రోలరును బల్ల మీద వదిలేయండి. పాత్ర తనంతట తాను నడవడమో, ఆటను మనకు చూపించే కెమెరా మెల్లగా ఒక పక్కకు తిరగడమో జరిగితే కంట్రోలరు మీది స్టిక్కు అరిగిపోయిందని అర్థం. ముందు దాని సంగతి చూసుకోవాలి. టీవీ సెట్టింగుల్లో ఆటల కోసం ఉండే గేమ్ మోడ్ పెట్టుకోవాలి. ఈ మాట తేలిగ్గా దాటేస్తున్నాను గాని, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆటను మీ ఇంట్లో ఉన్న యంత్రం మీదే తూచాలి. 2009లో వచ్చిన బయోనెట్టా ఎక్స్‌బాక్స్ 360 మీద చకచకా పరుగెత్తింది. ప్లేస్టేషన్ 3 మీద అదే ఆట తడబడింది. ఒక యంత్రం మీద ఆడినవారి పొగడ్త విని మరొక యంత్రానికి డిస్కు కొనడమంటే, పక్కింటివారి కళ్ళజోడు పెట్టుకుని పత్రిక చదవడం వంటిదే.

మొదటి రోజు

రెండు గంటలు ఆడండి, మానేయండి, ఏమీ రాయకండి. మొదటి రెండు గంటల్లో మనం చూసేది బొమ్మల అందాన్ని, వినేది సంగీతాన్ని. అవి బాగుండడం మంచిదే గాని, యాక్షన్ గేమ్ నిలిచేది కొట్టడం, తప్పుకోవడం అనే రెండు పనుల మీద. వాటి రుచి మొదటి రోజు తెలియదు.

కష్టస్థాయిని నార్మల్‌లో ఉంచాలి. ఆ పేరును కూడా గుడ్డిగా నమ్మడానికి లేదనుకోండి. 2005లో డెవిల్ మే క్రై 3 అమెరికాలో విడుదలైనప్పుడు, జపాన్ ప్రతిలో హార్డ్‌గా ఉన్న స్థాయికే అక్కడ నార్మల్ అని పేరు పెట్టారు. పాపం, ఎంతమంది తమ చేతగానితనమే అనుకుని డిస్కును అటకెక్కించారో. మరుసటి ఏడాది వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో దాన్ని సరిదిద్దారు.

రెండో రోజు: ఒక్క శత్రువు

ఆటలో తరచుగా ఎదురయ్యే మామూలు శత్రువును ఒకణ్ణి ఎంచుకుని, వాడితోనే పదిసార్లు పోరాడండి. బాస్‌లను, అంటే ఘట్టం చివర ఎదురయ్యే పెద్ద శత్రువులను, ఇప్పుడే ముట్టుకోవద్దు. ప్రతి ఆటా బాస్‌ల మీద శ్రద్ధ పెడుతుంది, పెళ్ళింట్లో వంట బాగుండడంలో విశేషమేముంది?

చూడవలసినది దెబ్బలోని మూడు భాగాలను: చెయ్యి ఎత్తడం, దెబ్బ తగలడం, తిరిగి నిలదొక్కుకోవడం. చెయ్యి ఎత్తినప్పుడు రాబోయే దెబ్బ ఏదో గుర్తుపట్టగలగాలి. తగిలిన క్షణంలో బొమ్మ లిప్తపాటు ఆగి కదిలితే దెబ్బకు బరువు వస్తుంది. ఆ ఆగడం లేని ఆటలో కత్తి గాలిని కోస్తున్నట్టే ఉంటుంది. నిలదొక్కుకునే వ్యవధి మనకు ఎదురుదెబ్బ కొట్టేందుకు దొరికే సందు. ఈ మూడూ విడివిడిగా కంటికి ఆనితే ఆ ఆట సగం నెగ్గినట్టే.

మూడో రోజు: చావుల పద్దు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆటను తప్పుగా అంచనా వేసినవారిలో నేను చూసినంతవరకు అందరూ పొరబడింది ఈ మెట్టు మీదే కాబట్టి, తొందరపడకుండా చదవాలి.

నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, వాటికి కన్ను, చెయ్యి, చెవి అని పేర్లు పెట్టండి. ఇప్పుడు కాస్త కష్టమైన ఘట్టం దగ్గరికి వెళ్ళి ఆడండి. చచ్చిన ప్రతిసారీ ఒక గీత పడాలి. మిమ్మల్ని చంపిన దెబ్బ మీకు కనిపించకపోతే, అంటే కెమెరా గోడలో ఇరుక్కున్నా, శత్రువు తెర బయటి నుంచి కొట్టినా, కన్ను గడిలో గీయండి. దెబ్బ కనిపించినా మీరు తొందరపడ్డా, ఆలస్యం చేసినా, తప్పు బటన్ నొక్కినా అది చెయ్యి. కనిపించి, మీరు సరైన బటన్‌ను సరైన వేళకే నొక్కినా ఆట వినిపించుకోకపోతే అది చెవి. కన్ను, చెవి గడుల్లో పడిన గీతలు ఆట తప్పులు. చెయ్యి గడిలోవి మీవి. ఇరవై గీతలు పడేదాకా నోరు మెదపకండి.

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గాని, మనిషి తనకు తాను అబద్ధం చెప్పుకునే తీరు ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు. ఓడిన కోపంలో ప్రతివాడూ చెవి గడిలోనే గీస్తాడు. అందుకే గీత పడవలసింది చచ్చిన వెంటనే, ఆట మళ్ళీ మొదలయ్యేలోపు; ఐదు చావుల లెక్క కలిపి ఒకేసారి రాస్తే అందులో నాలుగు ఆట మీదికే పోతాయి. ఎటూ తేలకపోతే చెయ్యి గడిలోనే గీయాలి. అనుమానం వచ్చినప్పుడు తప్పు మనదే అనుకోవడం నా నియమం, దీనికి మినహాయింపు లేదు.

చెవి గడిలో గీత పడ్డాక కూడా దాన్ని నమ్మడానికి వీల్లేదు. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే బొమ్మలు) నడిచే ఆటలో ఒక్కొక్క ఫ్రేము ఉండేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, 30 ఫ్రేముల ఆటలో 33.3. ఇంత సన్నని వ్యవధిలో బటన్ ముందు నొక్కామో తరవాత నొక్కామో మన జ్ఞాపకం చెప్పలేదు, ఫోను చెబుతుంది. బొటనవేలూ టీవీ తెరా రెండూ కనిపించేలా ఫోనును స్టాండులో నిలబెట్టి, సెకనుకు 240 ఫ్రేముల వేగంతో వీడియో తీయండి. బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి తెర మీద పాత్ర కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేముకు వీడియోలో నాలుగు వస్తాయి. ఆ అంకె ఒక్కదాన్నే చూసి గాభరా పడవద్దు. మీ చేతికి బాగా అలవాటైన పాత ఆటను అదే టీవీలో, అదే కంట్రోలరుతో కొలిచి, రెండింటినీ పోల్చండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే కొత్త ఆట చెవికి రోగం లేదు.

తేడా ఉన్నా సరే, అది లోపమా ఉద్దేశమా అన్నది ఇంకా తేలవలసే ఉంటుంది. డార్క్ సోల్స్, ఎల్డెన్ రింగ్ ఆటల్లో ఒకే బటన్‌ను నొక్కి పట్టుకుంటే పరుగు, నొక్కి వదిలితే పొర్లడం. వదిలితే గాని మీరు కోరింది ఏదో ఆటకు తెలియదు కాబట్టి, పొర్లడం మొదలయ్యేది వేలు పైకి లేచాకే. బటన్‌ను గట్టిగా అదిమి పట్టే అలవాటున్నవాడికి ఆ ఆట చెవిటిదిగానే తోస్తుంది. అవే ఆటల్లో కత్తి వేటు మొదలయ్యాక మధ్యలో మనసు మార్చుకోవడానికి ఉండదు, వేశారంటే పూర్తిచేయాలి. దీన్ని లోపమని రాసేవారు చదరంగంలో ముట్టిన పావును జరపాల్సిందేననే నియమాన్నీ లోపమనే అంటారు. 2019 నాటి సెకీరోలో అయితే, కత్తికి కత్తి అడ్డుపెట్టే బటన్‌ను టపటపా కొట్టేవాడికి సరైన అడ్డుకు దొరికే వ్యవధిని ఆటే కుదించేస్తుంది. ఆట ఇక్కడ మీ మాట విన్నది, మీ కంగారును కూడా విన్నది.

ఈ సెకీరో దగ్గరే నేను బోల్తాపడ్డాను. మా అన్నయ్య కొడుకు తెచ్చిన డిస్కును ఆడి, పద్దు రాసి, ఇరవైలో పదకొండు చెవి గడిలో పడేసరికి, "ఈ ఆట మాట వినదురా, అమ్మేయి" అని తీర్పు చెప్పాను. వాడు సగం ధరకు అమ్మేసుకున్నాడు. నాలుగు రోజుల తరవాత నా చేతికి కొట్టినపిండి అయిన ఆట కూడా అదే విధంగా మొరాయిస్తుంటే అనుమానం వచ్చి చూస్తే, పండగకు సినిమా చూద్దామని ఇంట్లోవాళ్ళు టీవీని సినిమా మోడ్‌కు మార్చి ఉన్నారు. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ ప్రతి ఫ్రేమునూ ఆలస్యంగా చూపిస్తోంది. ఫోనుతో లెక్కపెట్టి ఉంటే ఆ రోజే దొరికిపోయేది. అప్పటి నుంచి పద్దు తెరిచే ముందు ప్రతిసారీ టీవీ మోడ్ చూసి, పేజీ పైన రాసి సంతకం పెడతాను. మావాడు ప్రతి పండక్కీ ఆ సంగతి నలుగురిలో తీస్తూనే ఉంటాడు.

కన్ను గడి ఇంత గోల పెట్టదు. చచ్చినచోట మళ్ళీ నిలబడి, కెమెరాను తిప్పి, ఆ దెబ్బను ముందే చూసే వీలు ఉందా అని వెతకడమే. 2018 నాటి గాడ్ ఆఫ్ వార్‌లో కెమెరా భుజం వెనకే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి వీపు వైపు ఏమీ కనిపించదు. ఆ లోటు తెలిసే, పాత్ర చుట్టూ బాణం గుర్తులు పెట్టి, దెబ్బ రాబోతుంటే అవి ఎర్రబడేలా చేశారు. ఆటలో పాత్ర వెంట ఉండే కుర్రవాడు కేక వేసి కూడా హెచ్చరిస్తాడు. ఒకసారి శబ్దం పూర్తిగా తగ్గించి, మరొకసారి మామూలుగా పెట్టి ఆడి చూడండి. శబ్దం ఉన్నప్పుడు కన్ను గడి గీతలు సగానికి తగ్గితే ఆ ఆటలో చెవులతో కూడా చూడాలని అర్థం. రాత్రిపూట పక్కగదిలో పెద్దవాళ్ళు పడుకునే ఇళ్ళకు ఈ సమాచారం అవసరం.

చుక్కలు లెక్కపెట్టే సమీక్షల కన్నా ఈ పద్దు ఎందుకు మేలంటే, ఐదుకు మూడున్నర చుక్కలు ఇచ్చినవాడు మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయాయో చెప్పడు. ఇరవైలో పద్నాలుగు చావులు చేతివని నేను రాస్తే, సాధన చేసే ఓపిక ఉన్నవాడు డిస్కు ఉంచుకుంటాడు, లేనివాడు అమ్ముకుంటాడు.

మిగిలినవి

ఇక పైపైన చూసినా చాలు. ఆట సగం దాటాక కొత్త శత్రువులు వస్తున్నారా, పాతవాళ్ళే రంగు మార్చుకుని వస్తున్నారా అని గమనించాలి. 2008లో వచ్చిన డెవిల్ మే క్రై 4లో నీరో అనే పాత్ర నడిచిన దారుల్లోనే, అతను ఓడించిన బాస్‌లతోనే డాంటే అనే మరో పాత్ర మళ్ళీ తలపడాలి. కొట్టడంలో అంత హాయి ఉన్న ఆట కూడా అక్కడ చప్పబడుతుంది.

బాస్‌లను ఇప్పుడు చూడవచ్చు. మామూలు శత్రువుల దగ్గర నేర్చుకున్న విద్య బాస్ దగ్గర పనికొస్తే మంచి కూర్పు. ఉన్నట్టుండి వేరే విద్య అడిగితే పరీక్షకు పాఠంలో లేని ప్రశ్న ఇచ్చినట్టు.

చెక్‌పాయింట్లను, అంటే ఆట మళ్ళీ మొదలయ్యే చోట్లను, పరీక్షించే పని వానాకాలంలో మా ఊరి కరెంటే చూసుకుంటుంది. ఆట మధ్యలో కరెంటు పోయి వచ్చాక ఎన్ని నిమిషాల ఆట మళ్ళీ ఆడవలసి వచ్చిందో రాసుకోండి. ఐదు నిమిషాలు దాటితే నా లెక్కలో అది లోపమే. ఇందుకోసం కావాలని ప్లగ్గు పీకకండి, సేవ్ చేసిన ఆటంతా పాడయ్యే ప్రమాదం ఉంది.

తీర్పును రెండు మూడు వాక్యాలకు మించకుండా, చీటీ మీద రాసి డిస్కు పెట్టెకు అంటించాలి. పోయిన సంక్రాంతికి వచ్చిన బ్లడ్‌బోర్న్ పెట్టె మీద నేను అంటించినది ఇది: "టీవీ గేమ్ మోడ్‌లో ఉంది. 20 చావుల్లో చెయ్యి 13, కన్ను 6, చెవి 1. సెకనుకు 30 ఫ్రేములే, మొదటి గంట కళ్ళు సర్దుకోవాలి. శత్రువు కొట్టినప్పుడు వెనక్కి తగ్గేవాడికి వద్దు, ముందుకు దూకేవాడికి ఇవ్వండి." రాజోలు కుర్రాడు అది చదివి, ఆ ఆరు చావులూ ఎక్కడెక్కడో అడిగి తెలుసుకుని, అమ్మడానికని తెచ్చిన డిస్కును తిరిగి సంచిలో పెట్టుకుని వెళ్ళాడు.