కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు కళ్లను ఎలా కాపాడుకోవాలి?

భీమవరంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాళ్లు, అమలాపురం చుట్టుపక్కల గ్రామ సచివాలయాల్లో దరఖాస్తులు ఎక్కించేవాళ్లు, మండపేట రైస్ మిల్లుల్లో లెక్కలు చూసే గుమస్తాలు. సాయంత్రం అయ్యేసరికి అందరిదీ ఒకటే బాధ. కళ్లు మండుతున్నాయి, ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయి, తల బరువుగా ఉంది.

చాలామంది దీనికి స్క్రీన్ వెలుగే కారణం అనుకుంటారు. అసలు కారణాలు ముఖ్యంగా రెండు. మామూలుగా మనం నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. దాంతో కంటి మీది కన్నీటి పొర ఆరిపోతుంది. రెండో కారణం, దగ్గరగా ఉన్నదాన్ని చూడాలంటే కంటి లోపలి చిన్న కండరం బిగుసుకునే ఉండాలి. గంటల తరబడి అలాగే ఉంటే అది అలసిపోతుంది. ఈ రెండింటికీ ముందుగా కావలసింది మందు కాదు, కూర్చునే తీరు, పనిచేసే తీరు మార్చుకోవడం.

ముందు బల్ల, కుర్చీ సర్దుకోండి

స్క్రీన్ మీ కళ్లకు 20 నుంచి 28 అంగుళాల దూరంలో ఉండాలి. అంటే చెయ్యి చాపితే వేళ్లు తగిలేంత. స్క్రీన్ పై అంచు మీ కంటి ఎత్తులో గానీ, కాస్త కిందకి గానీ ఉండాలి. అప్పుడు చూపు కొంచెం కిందకి వాలుతుంది, రెప్పలు కంటిని ఎక్కువ భాగం కప్పుతాయి, తడి తొందరగా ఆరదు. మంచం మీద పడుకుని పొట్ట మీద లాప్‌టాప్ పెట్టుకోవడం మానేయండి. బల్ల మీద లావుపాటి పుస్తకాలు నాలుగు పేర్చి దాని మీద లాప్‌టాప్ పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా కొనుక్కోండి. ఇది డబ్బు పెట్టదగ్గ ఖర్చు.

కాగితాలు చూసి టైప్ చేసేవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. దరఖాస్తు బల్ల మీద పరిచి ఉంటుంది, స్క్రీన్ ఎదురుగా ఉంటుంది. ప్రతి పేరుకీ, ప్రతి నంబరుకీ చూపు కిందకీ పైకీ, దగ్గరికీ దూరానికీ తిరుగుతూనే ఉంటుంది. కాగితాన్ని చిన్న స్టాండుకి తగిలించి స్క్రీన్ పక్కనే, అంతే దూరంలో పెట్టుకోండి. కంటితో పాటు మెడ కూడా తేలికపడుతుంది.

అక్షరాలు పెద్దవి చేసుకోండి. కంట్రోల్ నొక్కి ప్లస్ నొక్కితే చాలా పేజీలు పెద్దవవుతాయి. తెలుగులో గుడులు, వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి సరిపోయిన సైజు తెలుగుకి సరిపోదు.

వెలుతురు, గాలి

కిటికీ మీకు పక్కన ఉండేలా కూర్చోండి. ఎదురుగా ఉంటే వెలుగు కళ్లలో పడుతుంది, వెనక ఉంటే స్క్రీన్ మీద మెరుస్తుంది. పడమటి ఎండ వచ్చే గదైతే మధ్యాహ్నం కర్టెన్ వేసేయండి. స్క్రీన్ పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని చూడండి. స్క్రీన్ దానికంటే బాగా మెరుస్తుంటే బ్రైట్‌నెస్ తగ్గించండి, మసకగా కనిపిస్తే పెంచండి. రాత్రిపూట దీపం ఆర్పేసి స్క్రీన్ వెలుగులో పని చేయవద్దు. కరెంటు పోయినా కనీసం ఒక ఛార్జింగ్ లైటు వెలిగించుకోండి.

గాలి సంగతి మన ప్రాంతంలో కాస్త ఆలోచించాల్సిందే. రోహిణి కార్తెలో ఉక్కపోతకి ఫ్యాన్ లేకుండా పది నిమిషాలు కూర్చోలేం. కానీ టేబుల్ ఫ్యాన్ గానీ ఏసీ గానీ ముఖానికి నేరుగా తగిలితే కళ్లు త్వరగా పొడిబారతాయి. ఫ్యాన్‌ని కాళ్ల వైపో, వీపు వైపో తిప్పుకోండి.

20-20-20 పద్ధతి

ప్రతి 20 నిమిషాలకి ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్ల పాటు చూడాలి. అంత దూరం చూస్తే లోపలి కండరం దాదాపు పూర్తిగా సడలుతుంది. నగరంలో అంత దూరం చూడటానికి చోటు వెతుక్కోవాలి. మనకి తలుపు తీస్తే చాలు, కాలువ అవతలి గట్టో, వరిచేనో, కొబ్బరిచెట్ల తలలో కనిపిస్తాయి. ఇంత సులువైన సౌకర్యాన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. కిటికీ లేని గదైతే వసారా చివరి వరకు చూపు పోయేలా కుర్చీ తిప్పుకోండి.

చూస్తున్నంతసేపూ రెప్పలు నెమ్మదిగా, పూర్తిగా మూసి తెరవండి. పదిసార్లు చేస్తే చాలు. గుర్తు ఉండదనుకుంటే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అయితే విరామం అని ఆ ఫోనే చేతిలోకి తీసుకుని చూస్తే కంటికి విశ్రాంతి లేనట్టే. ఫోన్ స్క్రీన్ కంప్యూటర్ కంటే ఇంకా దగ్గరగా ఉంటుంది కదా. రెండు గంటలకోసారి లేచి ఓ పావుగంట నడిచి రండి.

చుక్కల మందులు

పొడిబారిన కళ్లకి కృత్రిమ కన్నీళ్ల చుక్కలు పనికొస్తాయి. రోజుకి నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనివి ఇవ్వమని డాక్టర్‌ని అడగండి. మెడికల్ షాపుకి వెళ్లి "కన్ను ఎర్రబడింది, ఏదో ఒకటి ఇవ్వండి" అనడం మాత్రం ప్రమాదం. ఎరుపు తగ్గించే కొన్ని చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. ఎక్కువకాలం వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లాకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, శుక్లాలు రావచ్చు.

కోతల రోజుల్లో మిల్లు దగ్గర పనిచేసేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. కంట్లో ఊకో, వడ్లగింజో, ఆకు మొనో తగిలితే నలపవద్దు. అలాంటి దెబ్బతో నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడే ప్రమాదం ఉంది, దానికి స్టెరాయిడ్ చుక్కలు తోడైతే చూపే పోవచ్చు. అది కంప్యూటర్ అలసట అనుకుని ఊరుకోకుండా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. పూల రసం, తేనె, ఆముదం, చనుబాలు కంటి లోపల మాత్రం వేయవద్దు.

అద్దాలు

స్క్రీన్ నీలి వెలుగును ఆపుతాయని అమ్మే బ్లూ లైట్ అద్దాల మీద డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆగండి. వైద్య పరిశోధనలను పరిశీలించే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2023 సమీక్షలో 17 అధ్యయనాలను కలిపి చూసి, కంటి అలసట తగ్గించడంలో మామూలు అద్దాల కంటే అవి మెరుగ్గా పనిచేయకపోవచ్చని తేల్చింది. ఆ డబ్బుతో కంటి పరీక్ష చేయించుకోవడం మేలు. కొద్దిపాటి పవర్ ఉన్నా, అది సరిచేసుకోకపోతే స్క్రీన్ ముందు తలనొప్పి రావచ్చు.

నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది. పుస్తకం చదివే అద్దాలు సుమారు అడుగున్నర దూరానికి ఇస్తారు, స్క్రీన్ అంతకంటే దూరం. ప్రోగ్రెసివ్ అద్దాలు (పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి పనికొచ్చేవి) పెట్టుకుంటే గడ్డం పైకెత్తి చూడాల్సి వస్తుంది, మెడ పట్టేస్తుంది. అందుకే పరీక్షకి వెళ్లే ముందు మీ కన్ను నుంచి స్క్రీన్ వరకు టేపుతో కొలిచి, ఆ అంకె డాక్టర్‌కి చెప్పండి. ఆ దూరానికే విడిగా కంప్యూటర్ అద్దాలు రాయించుకోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి, బాధ ఉన్నా లేకపోయినా. చూపు హఠాత్తుగా తగ్గినా, మెరుపులు, కొత్తగా నల్ల చుక్కలు, పక్క నుంచి తెర పడినట్టు కనిపించినా, వస్తువులు రెండుగా కనిపించినా, కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి, వాంతులు వచ్చినా అది స్క్రీన్ అలసట కాదు. తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని పట్టణంలో కంటి ఆసుపత్రికి వెళ్లండి.