టీవీలో స్క్రోలింగ్ మొదలైందా? ముందు ఫోన్ కింద పెట్టండి

సినిమా మనిషి మీదో, నాయకుడి మీదో, లెక్చరర్ మీదో ఒకమ్మాయి లైంగిక వేధింపుల ఆరోపణ చేస్తే హైదరాబాద్‌లో మొదటి మూడు రోజులూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. యూట్యూబ్ ఛానళ్లు ఎర్రక్షరాల థంబ్‌నెయిల్స్ పెడతాయి, ఇరానీ చాయ్ చల్లారేలోపు తీర్పు వచ్చేస్తుంది, ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక బాబాయి ఆ అమ్మాయి ఫొటో పెడతాడు. జాగ్రత్త కావాల్సింది ఆ మూడు రోజులే.

ముందు ఫొటో సంగతి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం చేసి చంపేశాక ఆమె పేరు, ఫొటో ఊరంతా తిరిగాయి. 'దిశ' అని పోలీసులు పేరు మార్చి చెప్పింది ఆ తర్వాతే. 2022లో జూబ్లీహిల్స్ మైనర్ బాలిక కేసులో వీడియో బయటపెట్టారని ఎమ్మెల్యే మీదే కేసు పెట్టారు. అత్యాచారం కేసుల్లో బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. పేరు రాయకుండా కాలేజీ, వీధి, తండ్రి ఉద్యోగం రాసినా అంతే. అలాంటిది మీకొస్తే డిలీట్ చేసి, పంపినవాళ్లకు విడిగా ఫోన్ చేయండి. గ్రూపులో అందరి ముందూ అంటే మొండికేస్తారు. మా బాబాయి ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడు.

ఇక నోరు. ఇక్కడ నా తప్పే చెప్పుకోవాలి. 2018 ఏప్రిల్‌లో ఒక నటి ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసనకు దిగినప్పుడు, ఆమె దేనికోసం అడిగిందో వదిలేసి ఎలా అడిగిందన్నదే ఊరంతా మాట్లాడుకుంది. నేనూ అన్నం తింటూ "ఇన్నాళ్లూ ఏం చేసిందట?" అన్నాను. మా చెల్లెలు పక్కనే ఉంది. ఏడాది తిరక్కుండానే తను మాదాపూర్‌లో ఉద్యోగం మానేసింది. టీమ్ లీడ్ వేధింపులే కారణమని పిన్ని చెప్పేదాకా నాకు తెలీదు. నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆ రోజు టీవీ ముందు ఏమన్నావో గుర్తుందా అన్నయ్యా?" అంది.

"ఆ టైమ్‌లో అక్కడేం పని", "ఛాన్సుల కోసమేలే", "ఇప్పుడెందుకు గుర్తొచ్చింది" లాంటివి ఇంట్లో అనేముందు ఎవరు వింటున్నారో చూసుకోండి. ఆలస్యం గురించైతే, ఏళ్ల కిందటి లైంగిక వేధింపులు బయటపెట్టినందుకు జర్నలిస్టు ప్రియా రమణి మీద వేసిన పరువునష్టం కేసులో 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు స్పష్టంగానే చెప్పింది: దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీద చెప్పుకునే హక్కు మహిళకుంది.

అలాగని అవతలివాడిని అప్పుడే దోషి అనక్కర్లేదు. కోర్టు తేల్చేదాకా అది ఆరోపణే. అతని భార్య ఇన్‌స్టాగ్రామ్‌లో, పిల్లల స్కూలు దగ్గర మీకేం పని లేదు. కానీ "ఆయన అలాంటివాడు కాదండీ, నాకు బాగా తెలుసు" అని హామీ మాత్రం ఇవ్వకండి. ఆ టీమ్ లీడ్ మా ఇంటికి భోజనానికి వచ్చాడు, మా అమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

విషయం మీ ఆఫీసులోనే అయితే గడువు మీద కన్నేయండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. పదిమంది, అంతకు మించి ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాల్సిందే. అంతకన్నా చిన్న ఆఫీసైతే జిల్లాలో స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇద్దరి పేర్లూ బయటకు రాకూడదు కాబట్టి క్యాంటీన్‌లో ఆ చర్చ వద్దు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదని కూడా ఆ చట్టంలోనే ఉంది, హెచ్‌ఆర్ వాళ్లు చాలాసార్లు ఈ ముక్క చెప్పరు.

ఎవరైనా మీ దగ్గరకే వచ్చి చెబితే "ప్రూఫ్ ఉందా" అని మొదలుపెట్టకండి. విన్నాక, చాట్‌లు డిలీట్ చేయొద్దని, తేదీలు రాసుకోమని చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. పోలీసుల షీ టీమ్స్ కూడా ఉన్నాయి. మా పరిధి కాదని స్టేషన్‌లో తిప్పి పంపబోతే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అని అడగాలి. తోడు రమ్మంటే వెళ్లండి, మాట్లాడేది ఆమెనే మాట్లాడనివ్వండి. చాలాసేపు పడుతుంది, ఛార్జరు, మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి.