ప్రోబయోటిక్ కొనే ముందు చూసుకోవలసినవి

వర్షాకాలంలో విరేచనాలు, వాటి వెంట యాంటీబయోటిక్‌ల వాడకం పెరుగుతాయి కనుక, ప్రోబయోటిక్ (మేలు చేసే సజీవ సూక్ష్మజీవులున్న ఉత్పత్తి) కోసం మందుల దుకాణానికి వెళ్లే ముందు వీటిని గమనించండి.

• రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, పెద్ద సిరలో గొట్టం అమర్చినవారికి, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు వైద్యుడు చెప్పకుండా ప్రోబయోటిక్‌లు ఇవ్వకూడదు. ఇవి సజీవ సూక్ష్మజీవులు కనుక, అరుదుగానైనా రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తేగలవు.

• లేబుల్‌పై లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అని బ్యాక్టీరియా జాతి పేరు ఉంటే చాలదు, జీజీ వంటి స్ట్రెయిన్ (జాతిలోని ఉపరకం) గుర్తు కూడా ఉండాలి. ఒక స్ట్రెయిన్‌తో రుజువైన మేలు అదే జాతిలోని మరొకదానికి వర్తిస్తుందని చెప్పలేము. పది రకాలు కలిపామన్న ప్రకటన నా దృష్టిలో నాణ్యతకు గుర్తు కాదు.

• సీఎఫ్‌యూ (బతికున్న సూక్ష్మజీవుల లెక్క) సంఖ్య గడువు తేదీ వరకు హామీ ఇచ్చినదై ఉండాలి, ఎందుకంటే తయారీ నాటి సంఖ్య నిల్వలో తగ్గిపోతుంది.

• ఫ్రిజ్‌లో ఉంచాలని రాసినదాన్ని దుకాణంలో బయటి అరలో పెడితే కొనవద్దు. బాసిల్లస్ క్లాసీ వంటి బ్యాక్టీరియా స్పోర్‌లు (గట్టి కవచంలో నిద్రాణంగా ఉండే రూపాలు) మాత్రం వేడిని బాగా తట్టుకుంటాయి.

• దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో అమ్మే సప్లిమెంట్‌పై 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి.

• యాంటీబయోటిక్‌కు, బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్‌కు కనీసం 2 గంటల ఎడం ఇవ్వండి. సాక్రోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా కాదు, ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) కనుక యాంటీబయోటిక్‌తో చావదు.