కడుపు నొప్పిని వైద్యుడికి ఎలా చెప్పాలి

జీర్ణకోశ వ్యాధుల విభాగంలో నేను నర్సును. రోగి వైద్యుడి గదిలోకి వెళ్లేలోపు వివరాలు రాసుకోవడం నా పని. చాలామంది "కడుపులో బాగాలేదు" అని ఆగిపోతారు. దానితో ఎవరూ ఏమీ తేల్చలేరు. బయలుదేరే ముందు ఇంట్లోనే కొన్ని సంగతులు గమనించి కాగితం మీద రాసుకోండి. ఏ పరీక్ష చేయించాలి, అసలు అవసరమా అన్నది చాలావరకు ఆ కాగితాన్ని బట్టే ఉంటుంది.

మొదట చోటు. నొప్పి ఉన్నచోట ఒక్క వేలు పెట్టి చూపించమంటాను. కొందరు అరచేతిని బొడ్డు చుట్టూ తిప్పుతారు. కొందరి వేలు నేరుగా వెళ్లి ఒకేచోట ఆగుతుంది. ఆ తేడా నాకు ఎంతో చెబుతుంది. కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద మొదలై కుడి భుజం దాకా పాకే నొప్పి అయితే పిత్తాశయంలో రాళ్లను అనుమానిస్తాం. పొట్ట పైభాగం నుంచి వీపులోకి దూసుకుపోయే తీవ్రమైన నొప్పి క్లోమం (పాంక్రియాస్) వాపు వల్ల కావచ్చు. అపెండిసైటిస్, అంటే పెద్దపేగుకు అంటుకుని ఉండే అపెండిక్స్ వాపు, తరచూ బొడ్డు చుట్టూ నొప్పిగా మొదలై, కొన్ని గంటలకు కుడివైపు కిందికి దిగి అక్కడే తిష్ఠ వేస్తుంది. అందుకే మొదట ఎక్కడ, ఇప్పుడు ఎక్కడ అన్నవి రెండూ రాయండి. అలా దిగిన నొప్పికి ఇంట్లో విరేచనం అయ్యే మందు వేసుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తర్వాత వేళ. పడుకున్నప్పుడు, వంగినప్పుడు రొమ్ము ఎముక వెనక మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తుంటే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతోందన్నమాట. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల ఎడం ఉంచండి. మంచం తలవైపు కోళ్ల కింద దిమ్మలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర వంగి పొట్ట నొక్కుకుపోతుంది.

వేసుకునే మాత్రలన్నీ రాయండి. కీళ్ల నొప్పులకూ తలనొప్పికీ వాడే మాత్రలను చాలామంది మందుల లెక్కలోనే వేయరు, నేను విడిగా అడగాల్సి వస్తుంది. కడుపులో పుండ్లకు ముఖ్య కారణాలు రెండు: ఆ నొప్పి మాత్రల్లో కొన్ని, హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. దిగులు వల్లే పుండు పడుతుందని వైద్యులే నమ్మిన రోజుల్లో, 1984లో, ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ కారణం ఈ బ్యాక్టీరియానేనని చూపడానికి దాన్ని తానే తాగి కడుపు లోపలి పొర వాపు తెచ్చుకున్నారు. 2005లో ఆయనకూ, ఆయనతో కలిసి ఈ బ్యాక్టీరియాను కనుగొన్న రాబిన్ వారెన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బ్యాక్టీరియా యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది. చెప్పిన రోజులన్నీ తప్పకుండా వాడాలి.

ఇక మలం సంగతి. దయచేసి సిగ్గుపడకండి, మాకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం తక్కువ. గట్టి ఉండలా, మెత్తటి ముక్కలా, నీళ్లా? రోజుకు ఎన్నిసార్లు? తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటే జీర్ణకోశం పైభాగంలో రక్తస్రావం అవుతూ ఉండవచ్చు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కాబట్టి అవి వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి. ఎర్రటి రక్తం కనిపిస్తే మొలలేనని మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి, చూపించుకోండి.

నెలల తరబడి కడుపు నొప్పి, మలవిసర్జనతో అది తగ్గడమో పెరగడమో, ఒకసారి విరేచనాలు, ఒకసారి మలబద్ధకం ఉండి, పరీక్షల్లో ఏమీ కనిపించకపోతే అది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగుల పనితీరులో తేడా) కావచ్చు. రిపోర్టులో ఏమీ లేదని ఆ మనిషికి బాధ లేదనడం అన్యాయం. అయితే బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు.

నీళ్ల విరేచనాలకు ముందు ఓఆర్ఎస్. పొట్లం దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

కొన్నిటికి కాగితం, కలం వెతకనక్కర్లేదు. రక్తపు వాంతి, చెక్కలా బిగిసిన పొట్ట, వాంతులతో పాటు మలం, గాలి రెండూ ఆగిపోవడం, ఛాతీలో బరువుతో చెమటలు పట్టి నొప్పి దవడకో చేతికో పాకడం. ఈ చివరిదాన్ని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోకండి, అది గుండెపోటు కావచ్చు. వీటిలో ఏది కనిపించినా అంబులెన్సు పిలవండి.